ఒమ్‌దుర్మాన్ పలక, లండన్ గోడ

సూడాన్ చిత్రకారుడు ఇబ్రహీం ఎల్ సలాహి బొమ్మలు నేను మొదట చూసింది 2012లో, షార్జా ఆర్ట్ మ్యూజియంలో. అప్పటికి మావారి ఉద్యోగరీత్యా షార్జాలో కాపురం పెట్టి కొన్నేళ్ళయింది. రోల్లా బజారుకు సరుకుల కోసం వెళ్ళినప్పుడు, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు ఇంకా వ్యవధి ఉంటే, ఆ దగ్గర్లోని మ్యూజియంలోకి వెళ్ళి కాసేపు తిరగడం నాకు అలవాటు. చిత్రకళ గురించి నేను చదువుకున్నది ఏమీ లేదు. రంగుల వాసన మధ్య పెరిగినదాన్ని కాబట్టి గోడ మీద బొమ్మ కనిపిస్తే కాళ్ళు వాటంతట అవే ఆగిపోతాయి.

ఆ రోజు ఆగిన చోటే చాలాసేపు ఉండిపోయాను. ముదురు గోధుమరంగు, నలుపు, మాసిన తెలుపు. ఇంతే రంగులు. పొడుగ్గా సాగిన ముఖాలు, ముసుగు తొడిగినట్టు బిగుసుకున్న నోళ్ళు, లోతైన కళ్ళు. చూస్తూ చూస్తూ ఉంటే ఆ దవడ గీత నాకు ఎక్కడో తెలిసినదిలా అనిపించింది. రోల్లాలో ప్రతి కొట్టు మీదా అరబ్బీ బోర్డులుంటాయి. చదవడం రాకపోయినా, రోజూ చూస్తూ ఉంటే ఏ అక్షరం తోక ఎటు తిరుగుతుందో కంటికి అలవాటవుతుంది. ఆ ముఖంలోని దవడ అటువంటి ఒక తోకే. ముక్కు ఒక నిలువు గీత. కనుబొమ్మ ఇంకో అక్షరంలోంచి విరిగి వచ్చిన ముక్క.

మా నాన్న తెనాలిలో బోర్డులు రాసేవారు. కిరాణా కొట్లకూ, బట్టల దుకాణాలకూ, సైకిల్ షాపులకూ, ఎన్నికలొస్తే గోడలకూ. పెరట్లో రేకు నిలబెట్టి, దానికి ఒక పూత వేసి ఆరాక, సుద్దపొడి రాసిన దారాన్ని రెండు కొసలా బిగించి పట్టి మధ్యలో లాగి వదిలితే రేకు మీద తెల్లటి గీత పడేది. రెండో కొస పట్టుకోవడం నా పని. ఆ గీతల మధ్య అక్షరాలు ఎనామిల్ రంగుతో, చదును కుంచెతో రాసేవారు. నేను అక్షరాన్నే చూస్తుంటే, “అక్షరం కాదమ్మా, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ చూడు. ఆ ఖాళీ కుదిరితే అక్షరం తనే కుదురుతుంది” అనేవారు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి, బోర్డుల పని పోయింది. ఆ మాట మాత్రం నాకు మిగిలింది.

ఎల్ సలాహి బొమ్మల దగ్గర ఆ మాట గుర్తొచ్చింది. ఆయన జీవితం గురించి తెలుసుకోవాలన్న కోరిక పుట్టింది కూడా అక్కడే. మా ఎదురింట్లో సూడాన్ రాజధాని ఖార్టూమ్ నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడను ఎల్ సలాహి గురించి అడిగితే, “ఆయన తెలియకపోవడమేమిటి, మా ఒమ్‌దుర్మాన్ మనిషి” అంది. మందార జాతి ఎర్ర పూలు మరిగించి చేసే కర్కదే పానీయం గ్లాసులో పోసి ఇచ్చి, తను చిన్నప్పుడు విన్నవి, చదివినవి చెప్పడం మొదలుపెట్టింది. నాకు సూడాన్‌ను చూపించింది ఆవిడే.

ఎల్ సలాహి 1930లో ఒమ్‌దుర్మాన్‌లో పుట్టారు. ఖార్టూమ్‌కు నైలు నదికి ఆవలి ఒడ్డున ఉన్న ఊరది. తండ్రి ఇస్లామీయ విద్య బోధించే పండితుడు, ఇంటి దగ్గరే ఖురాన్ బడి నడిపేవారు. సూడాన్‌లో ఆ బడిని ఖల్వా అంటారు. అక్కడ పిల్లలు కాగితం మీద రాయరు, చెక్క పలక మీద రెల్లు కలంతో రాస్తారు. సిరా ఇంట్లోనే చేసుకుంటారు. మసి, నీళ్ళు, తుమ్మబంక. ఆవిడ చెబుతుంటే మా అమ్మమ్మ బాలింతలకు చేసి పెట్టే తుమ్మబంక లడ్డూలు గుర్తొచ్చాయి. ప్రపంచంలో ఆ జాతి బంక అత్యధికంగా పండేది సూడాన్‌లోనేనట. పాఠం వచ్చాక పలక కడిగేసి మళ్ళీ రాస్తారు. ఖురాన్‌లో ఒక భాగం పూర్తి చేసిన పిల్లవాడి పలకను మాత్రం రంగులతో, గీతలతో అలంకరిస్తారు. దాన్ని షరాఫా అంటారు. చిన్న ఇబ్రహీం చేతికి మొదట అలవడిన చిత్రకళ అదే. ఆవిడ బల్ల మీద వేలితో ఒక పలక ఆకారం గీసి, పైన పిడి ఎలా ఉంటుందో, అంచున అలంకారం ఎక్కడ వస్తుందో చూపించింది.

ఆ పిల్లవాడు పెద్దవాడై ఖార్టూమ్‌లోని గార్డన్ కళాశాలలో చిత్రకళ చదివి, స్కాలర్‌షిప్‌తో 1954లో లండన్ వెళ్ళి స్లేడ్ కళాశాలలో చేరారు. అక్కడ యూరప్ చిత్రకళను శ్రద్ధగా నేర్చుకున్నారు. నిశ్చల చిత్రాలు, నగ్న చిత్రాలు, రూపచిత్రాలు, ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ దగ్గరి నుంచి వచ్చిన పద్ధతులు. ఖాళీ దొరికినప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో పాత అరబ్బీ రాతప్రతులు చూసేవారు. 1957లో ఇంటికి తిరిగి వచ్చారు. సూడాన్ స్వతంత్ర దేశమై అప్పటికి ఏడాది దాటింది. విదేశంలో చదువుకుని వచ్చిన యువకుడు, కొత్త దేశం, చేతిలో కొత్త విద్య. నీలి నైలు ఒడ్డున ఉన్న గ్రాండ్ హోటల్‌లో తన బొమ్మలతో ప్రదర్శన పెట్టారు.

ప్రారంభం రోజు జనం వచ్చారు. కూల్‌డ్రింకులు తాగారు, వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. మళ్ళీ పెట్టినా అంతే జరిగింది.

నాకు ఆయన మీద గౌరవం ఏర్పడింది ఇక్కడే. ఎందుకంటే ఆ చోట చాలామంది చేసే పని ఒకటుంది. మా వాళ్ళకు కళ తెలియదు, లండన్‌లో అయితే అర్థం చేసుకునేవారు అని అనుకుని, తిరిగి విమానం ఎక్కేయడం. ఎల్ సలాహి అలా అనుకోలేదు. నా బొమ్మలో వాళ్ళకు లేనిది ఏమిటి అని తనను తాను ప్రశ్నించుకున్నారు. దాదాపు రెండేళ్ళు కుంచె పక్కన పెట్టి సూడాన్ అంతా తిరిగారు. పల్లెల్లో ఇళ్ళ గోడల మీద ముగ్గుల వంటి అలంకారాలు, బుట్టల అల్లికలు, తోలుపనులు, చెక్క చెక్కడాలు చూశారు. ప్రతి ఇంట్లోనూ గోడకు వేలాడే అరబ్బీ రాతలు చూశారు. తన వాళ్ళు కళ లేకుండా బతకడం లేదని, కళతోనే కూర్చుని భోజనం చేస్తున్నారని అప్పుడు ఆయనకు కనిపించింది.

తిరిగి కుంచె పట్టాక, బొమ్మ మూలన తపాలా బిళ్ళంత చోటులో అరబ్బీ అక్షరాలు రాయడం మొదలుపెట్టారు. ఆశ్చర్యం, జనం నిలబడ్డారు. మూలన ఉన్న రాత చదవడానికి దగ్గరికి వచ్చిన మనిషి బొమ్మ కూడా చూస్తాడు. ఆ రాత క్రమంగా పెద్దదై బొమ్మ మధ్యలోకి వచ్చింది. ఆ తర్వాత ఇంకో అడుగు వేశారు. అక్షరాన్ని విరిచి, అక్షరాల మధ్య ఏముందో చూశారు. అందులోంచి మనుషులు, జంతువులు, మొక్కలు బయటికి వచ్చాయి. ఈ సంగతి ఆయనే చాలా ఇంటర్వ్యూలలో చెప్పారు. నేను అది చదివిన రోజు రాత్రి నాన్నకు ఫోను చేసి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. “రంగు ఏమిటి, ఎనామిలా?” అని అడిగారు. కొన్ని బొమ్మలకు అవును, ఎనామిలే అన్నాను. చాలా సంతోషపడ్డారు.

ఖార్టూమ్‌లో ఆయన ఒక్కరే కాదు. అహ్మద్ షిబ్రైన్, కమలా ఇబ్రహీం ఇషాక్ కూడా ఆ తరం వారే. అక్షరాన్ని, ఆఫ్రికా ముసుగుల రూపాలను, యూరప్‌లో నేర్చిన విద్యను కలిపిన వీళ్ళను డెనిస్ విలియమ్స్ అనే గయానా రచయిత, చిత్రకారుడు “ఖార్టూమ్ స్కూల్” అని పిలిచాడు. ఆ పేరే నిలబడింది. 1960ల తొలి ఏళ్ళలో నైజీరియాలోని ఇబదాన్ నుంచి జర్మన్ సంపాదకుడు ఉల్లీ బయర్ ద్వారా పిలుపు వచ్చి, రచయితలూ కళాకారులూ కలిసే ఎంబారి క్లబ్బులో ప్రదర్శన జరిగింది. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం 1965లో ఆయన చిత్రం ఒకటి, “మసీదు”, తీసుకుంది. 1966లో డకార్‌లో, 1969లో అల్జీర్స్‌లో ఆఫ్రికా కళల పండుగలు జరిగినప్పుడు సూడాన్ తరఫున ఆయన వెళ్ళారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎల్ సలాహిని అరబ్ చిత్రకారుడు అని మాత్రమే అంటే సగమే చెప్పినట్టు. అరబ్బు, ఆఫ్రికా, యూరప్ మూడూ ఆయనలో కలిశాయి, మూడింటిలో ఒకదాన్ని తీసేస్తే ఆయన బొమ్మ నిలబడదు.

1969 నుంచి కొన్నేళ్ళు లండన్‌లోని సూడాన్ రాయబార కార్యాలయంలో సాంస్కృతిక విభాగంలో పనిచేశారు. ఖార్టూమ్ తిరిగి వచ్చాక సంస్కృతి, సమాచార మంత్రిత్వ శాఖలో పెద్ద పదవిలో ఉన్నారు. అప్పుడు దేశాన్ని ఏలుతున్నది సైనికాధికారి జాఫర్ నిమేరీ. 1975 సెప్టెంబరులో, ఒక తిరుగుబాటు ప్రయత్నం విఫలమైన రోజుల్లో, ఎల్ సలాహిని అరెస్టు చేశారు. విచారణ లేదు. ఖార్టూమ్‌లోని కోబర్ జైలులో ఆరు నెలల ఎనిమిది రోజులు ఉంచారు.

జైలులో కాగితం, కలం నిషేధం. దొరికితే శిక్ష. ఆయన సిమెంటు సంచుల కాగితాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, పెన్సిలు ముక్కతో వాటి మీద గీసేవారు. జైలు ఆవరణలోని ఇసుకలో గొయ్యి తీసి దాచేవారు. ఒక్కో ముక్క చాలా చిన్నది, దాని మీద పట్టేది కొంతే. ఇంకో ముక్క తెచ్చి పక్కన పెడితే బొమ్మ పెరుగుతుంది. అలా మనసులో అతుకుతూ పోయారు. విడుదలయ్యాక ఆ ముక్కలు అక్కడే మట్టిలో ఉండిపోయాయి.

కానీ పద్ధతి ఆయనతో వచ్చేసింది. ఆ తర్వాత జీవితమంతా ఆయన పెద్ద బొమ్మలు చాలావరకు అలాగే వేశారు. మధ్యలో ఒక అట్ట మీద చిన్న విత్తనం వంటి రూపం గీయడం, అది ఎటు పెరగాలనుకుంటే అటు మరో అట్ట చేర్చడం. మా అమ్మ పాత చీరల ముక్కలతో బొంత కుడుతున్నప్పుడు అది ఎంత పెద్దదవుతుందో ముందుగా తెలిసేది కాదు, అదీ ఇంతే. బొమ్మ ఎక్కడ ముగుస్తుందో మొదలుపెట్టేటప్పుడు ఆయనకు తెలియదు, తెలుసుకోవాలని ప్రయత్నించరు కూడా. విడుదలై ఇంట్లో ఉన్న 1976లో ఒక నోట్‌బుక్ నిండా సిరాతో బొమ్మలు గీసి, అరబ్బీలో పద్యాలూ వచనమూ రాసుకున్నారు. ఆ “జైలు నోట్‌బుక్” ఇప్పుడు న్యూయార్క్ మ్యూజియంలో ఉంది. 2018లో అచ్చులో కూడా వచ్చింది, షార్జా ఆర్ట్ ఫౌండేషన్ అందులో భాగస్వామి.

1977లో దేశం విడిచి దోహా వెళ్ళిపోయారు. ఖతార్ ప్రభుత్వంలో సలహాదారుగా, అనువాదకుడిగా చాలా ఏళ్ళు పనిచేశారు. దోహా అనగానే మనవాళ్ళకు తెలిసిన చిత్రకారుడు హుస్సేన్. హైదరాబాద్‌లో బద్రీవిశాల్ పిత్తీ ప్రోత్సాహంతో రామాయణ చిత్రాలు వేసిన ఆయన చివరి ఏళ్ళలో ఖతార్ పౌరుడై, 2011లో లండన్‌లో కన్నుమూశారు. ఇద్దరి దారీ దోహా, లండన్‌ల మీదుగా నడిచింది. హుస్సేన్ వెళ్ళిన చోటల్లా అందరికీ తెలిశారు. ఎల్ సలాహి మాత్రం దోహాలో ఆఫీసు పని చేసుకుంటూ, ఇంట్లో నలుపు తెలుపుల్లో బొమ్మలు వేసుకుంటూ బతికారు. గల్ఫ్‌లో మనవాళ్ళు ఎంతమంది ఇలా బతుకుతారో నేను చూశాను. పగలు ఒక పని, రాత్రి తమకు మాత్రమే తెలిసిన ఇంకో పని. మా బిల్డింగులోనే ఒక ప్లంబరు మంచి డప్పు వాయిద్యకారుడు. ఆయన చేతి డప్పు ఏ ఉగాదికో తప్ప ఎవరూ వినలేదు.

ఆ ఏళ్ళలోనే 1984, 85లో ఎల్ సలాహి “అనివార్యం” వేశారు. నేను దాన్ని 2013లో లండన్‌లో చూశాను.

నేను షార్జాలో చూసింది ఆయన జీవితకాలపు పనిని వరసగా చూపే పునరవలోకన ప్రదర్శన. అది అదే 2012లో దోహాలోని కతారా సాంస్కృతిక కేంద్రానికి వెళ్ళింది, 2013 జులైలో లండన్‌లోని ఆధునిక కళల మ్యూజియం టేట్ మోడర్న్‌కు చేరింది. సంకలనం చేసింది కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసే సూడాన్ పండితుడు సలాహ్ హసన్. టేట్ మోడర్న్‌లో పునరవలోకన ప్రదర్శన జరిగిన మొదటి ఆఫ్రికా చిత్రకారుడు ఎల్ సలాహి. అప్పటికి ఆయనకు ఎనభై రెండేళ్ళు. మా చెల్లెలు రెడింగ్‌లో ఉండేది. వేసవి సెలవుల్లో పిల్లలతో దాని దగ్గరికి వెళ్ళినప్పుడు, తక్కినవాళ్ళు లండన్ ఐ ఎక్కుతామంటే నేను థేమ్స్ ఒడ్డునే నడిచి టేట్ మోడర్న్ ఉన్న పాత విద్యుత్ కేంద్రం భవనంలోకి వెళ్ళాను.

“చిన్ననాటి కలల పునర్జన్మించిన శబ్దాలు” అక్కడ చూశాను. 1961లో మొదలుపెట్టి 1965లో ముగించిన చిత్రం. ఎత్తూ వెడల్పూ రెండున్నర మీటర్లు దాటి ఉంటుంది. కాన్వాసు కాదు, సూడాన్‌లో నేసిన ముతక నూలు గుడ్డ. దాని మీద ఎనామిల్, తైలవర్ణం. దగ్గరికి వెళ్ళి చూస్తే నేత కనిపిస్తుంది. రంగు కొన్నిచోట్ల గుడ్డలోకి ఇంకిపోయింది, కొన్నిచోట్ల పైనే నిలిచి మెరుస్తోంది. ఎనామిల్ అలాగే నిలుస్తుంది. కుంచె ఎత్తిన చోట చిన్న గట్టు కడుతుంది. నాన్న బోర్డు మీద ఆ గట్టు కనిపిస్తే ఊరుకునేవారు కాదు, రెండో పూతలో చదును చేసేవారు. ఎల్ సలాహి వదిలేశారు. ఎత్తయిన, సన్నని, కాళ్ళు నేలకు ఆనని మనుషులు బొమ్మ నిండా వరసగా నిలబడి ఉన్నారు. తలలు నెలవంకల్లా వంగి ఉన్నాయి. వాళ్ళు మనల్ని చూస్తున్నట్టు ఉండదు, వింటున్నట్టు ఉంటుంది.

ఆ చిత్రాన్ని టేట్ కొన్నది 2013లో. పూర్తయ్యాక దాదాపు అర్ధ శతాబ్దానికి. లండన్‌లో చదువుకున్న విద్యార్థి లండన్ పద్ధతిలో వేసిన నగ్న చిత్రాలు ఖార్టూమ్ హోటల్లో ఎవరికీ పట్టలేదు. ఖార్టూమ్ ఇళ్ళ గోడలను చూసి, ముతక గుడ్డ మీద, తండ్రి బడిలో నేర్చిన అక్షరాన్ని విరిచి వేసిన బొమ్మ చివరికి లండన్ గోడ మీదికి వచ్చింది. రెండు సంస్కృతుల మధ్య వారధి అని ఇలాంటి చిత్రకారుల గురించి తరచు రాస్తుంటారు. వారధి కట్టేవాడు ముందు తన ఒడ్డున పునాది తవ్వాలి కదా. ఎల్ సలాహి తవ్వారు, దానికి రెండేళ్ళ ఖాళీ ఖర్చు పెట్టారు. ఆయన జీవితంలో నాకు అన్నింటికన్నా విలువైనవి ఆ బొమ్మలు వేయని రెండేళ్ళే.

“అనివార్యం” వేరే గదిలో ఉంది. తొమ్మిది అట్టల మీద నల్ల సిరా. అంతా కలిపి మనిషి కంటే ఎత్తు. బిగించిన పిడికిళ్ళు, చేతులు, ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొచ్చే శరీరాలు. రంగు లేదు. అట్టకూ అట్టకూ మధ్య అతుకు గీత స్పష్టంగా కనిపిస్తుంది, దాన్ని దాచే ప్రయత్నం లేదు. సిమెంటు సంచి ముక్కల సంగతి తెలిసినవాళ్ళు ఆ అతుకుల దగ్గరే ఆగిపోతారు. ఒక అట్ట మీద మొదలైన చేయి రెండో అట్ట మీద పిడికిలి అవుతుంది. దూరం నుంచి చూస్తే గుంపు, దగ్గరికి వెళ్తే సన్నని కలం గీతలు, ఒకదాని పక్కన ఒకటి, ఓపికగా, ఒక్కటి కూడా తొందరపడకుండా. ఈ చిత్రం పూర్తవుతున్న రోజుల్లోనే, 1985 ఏప్రిల్‌లో, ఖార్టూమ్ వీధుల్లోకి జనం వచ్చి నిమేరీ పాలనను దించేశారు.

అరబ్బు దేశాల నుంచి యూరప్‌కు వెళ్ళి పేరు తెచ్చుకున్న చిత్రకారులు ఇంకా ఉన్నారు. డమాస్కస్ నుంచి బెర్లిన్ వెళ్ళిన మర్వాన్ ఏళ్ళ తరబడి పగలు ఉన్ని తోళ్ళ పని చేసి రాత్రి ముఖాలు వేశారు. బాగ్దాద్ నుంచి లండన్ వచ్చిన దియా అల్ అజ్జావి, బేరూత్ నుంచి వచ్చి పారిస్‌లో కన్నుమూసిన ఎతెల్ అద్నాన్. వాళ్ళ బొమ్మలూ గల్ఫ్ మ్యూజియంలలో చూశాను, ఇష్టపడ్డాను. నాకు దగ్గరివారు మాత్రం ఎల్ సలాహియే.

షార్జాలో ఉన్న ఆయన చిత్రాల్లో ఒకదాని గురించి చెప్పాలి. “చివరి ధ్వని”, 1964 నాటిది, బర్జీల్ ఆర్ట్ ఫౌండేషన్ సేకరణలోది. తండ్రి మరణం తర్వాత వేసినది. ప్రాణం పోయే వేళ మనిషి చెవిలో చదివే ప్రార్థన దాని విషయం. చుట్టూ నెలవంకలు, వృత్తాలు, అరబ్బీ రాత, మధ్యలో ఒక మనిషి. మన ఇళ్ళలో చివరి వేళ చెవిలో నారాయణ నామం చెబుతారు. ఆ చిత్రం ముందు నాకెవరూ ఏమీ వివరించనక్కరలేకపోయింది.

1998లో ఎల్ సలాహి ఆక్స్‌ఫర్డ్‌లో స్థిరపడ్డారు. అక్కడికి వెళ్ళాక బొమ్మల్లోకి రంగులు తిరిగి వచ్చాయి. “చెట్టు” వరస అప్పటిది. నిలువు చారలు, ఎరుపు, పసుపు, నీలం. ఆ చెట్టు ఇంగ్లండుది కాదు. నైలు ఒడ్డున పెరిగే హరాజ్, తుమ్మ కుటుంబానికి చెందిన ముళ్ళ చెట్టు. వానాకాలంలో లోకమంతా పచ్చగా ఉన్నప్పుడు ఆకులు రాల్చేస్తుంది. ఎండాకాలంలో అన్నీ ఎండినప్పుడు తను చిగురిస్తుంది. దాని మొండితనం ఆయనకు ఇష్టం. మా ఎదురింటి ఆవిడకు ఆ చెట్టు బాగా తెలుసు. పశువులు ఎండాకాలంలో దాని నీడనే పడుకుంటాయని, దాని కాయలు మేస్తాయని చెప్పింది.

టేట్ మోడర్న్‌లో ప్రదర్శన కేటలాగు కొన్నాను. మా బడ్జెట్‌కు అది ఎక్కువే, చెల్లెలు సగం ఇచ్చింది. మరుసటి సారి తెనాలి వెళ్ళినప్పుడు నాన్న ముందు పెట్టాను. అప్పటికి చూపు తగ్గింది. వరండాలో వెలుతురుకు తిప్పి పట్టుకుని, భూతద్దంతో ఒక్కో పేజీ చూశారు. భోజనానికి పిలిచినా లేవలేదు. “ఇతనికి అక్షరం రాయడం బాగా వచ్చు. రాయడం రానివాడు ఇలా విరగ్గొట్టలేడమ్మా” అన్నారు. తర్వాత “చెట్టు” పేజీ దగ్గర ఆగి, చారల మధ్య ఖాళీలను వేలితో ఒక్కొక్కటే తాకుతూ పైకి వెళ్ళారు. ఏ చార ఎక్కడ సన్నబడిందో నాకు చూపించారు. నేను అంతవరకు చూడలేదు. తనకు అరబ్బీ రాదు, సూడాన్ పటంలో ఎక్కడుందో కూడా తెలియదు. చేతి పనివాడు ఇంకో చేతి పనివాడిని గుర్తుపట్టారు. నాన్న 2016లో పోయారు. ఆ కేటలాగులో కొన్ని పేజీల మూల మడతలు ఆయనవి.

2018లో ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఎల్ సలాహి ప్రదర్శన జరిగింది, నేను వెళ్ళలేకపోయాను. అదే ఏడాది లండన్ రీజెంట్స్ పార్కులో ఆయన చెట్టు శిల్పంగా నిలబడింది. ఆ తర్వాత నడుము నొప్పి, వణుకుల వల్ల పెద్ద కాన్వాసు ముందు నిలబడలేని స్థితి వచ్చింది. కుర్చీలో కూర్చుని, తను వాడే మందుల పెట్టెలను విప్పి చదును చేసి, వాటి లోపలి వైపు సిరాతో గీయడం మొదలుపెట్టారు. పాత కవర్లు కూడా. వాటికి “నొప్పి నివారణ” బొమ్మలని పేరు. గీస్తున్నంతసేపు నొప్పి తెలియదని ఆయన చెప్పారు. వాటిని న్యూయార్క్‌లో, ఇంగ్లండులో ప్రదర్శించారు. పెట్టె మడతల గీతలు బొమ్మలో అలాగే ఉంటాయి. జైలులో సిమెంటు సంచి, ముసలితనంలో మందుపెట్టె. ఏది దొరికితే దాని మీద.

2023 ఏప్రిల్‌లో ఖార్టూమ్‌లో యుద్ధం మొదలైంది. ఒమ్‌దుర్మాన్ వీధుల్లో కాల్పులు. జాతీయ మ్యూజియం దోపిడీకి గురైంది. ఆ వార్త చదివిన రోజు మా పాత ఎదురింటి ఆవిడకు ఫోను చేశాను. మేము అప్పటికే ఇండియా వచ్చేశాం, ఆవిడ ఇంకా షార్జాలోనే ఉంది. ఆవిడ తమ్ముడి కుటుంబం ఒమ్‌దుర్మాన్ విడిచి బస్సుల్లో ఉత్తరానికి వెళ్ళి, సరిహద్దు దాటి కైరో చేరిందట. ఇల్లు ఉందో లేదో తెలియదట. చాలాసేపు మాట్లాడుకున్నాం, పిల్లల చదువులు, ఆవిడ మోకాళ్ళు, నా షుగరు. పెట్టేసేముందు ఆవిడ ఆ కేటలాగు ఇంకా నా దగ్గర ఉందా అని అడిగింది. ఉందన్నాను. హరాజ్ చెట్టు పేజీలు ఫొటోలు తీసి పంపమంది, తమ్ముడి పిల్లలకు పంపుతుందట. ఆ సాయంత్రమే కిటికీ దగ్గర పెట్టి ఒక్కో పేజీ ఫొటో తీసి పంపాను. పలకలకు దగ్గరగా అనిపించే పాత చిత్రాలు కూడా వరసగా పంపాను. ఆ పిల్లల్లో చిన్నది వాటిలో ఒకదాన్ని చూసి నోటుపుస్తకంలో గీసిందని ఆవిడ రెండు రోజులకు ఫొటో పెట్టింది. దవడ గీత చక్కగా తిప్పింది.